రెండు దేశాల నేలని ఒకే బొమ్మలో కలిపితే పోస్టర్‌లా ఎందుకు తేలుతుంది

మీరు అడిగినవి రెండు. పెరిగిన దేశం ఒకటి, ఇప్పుడు ఉంటున్నది ఇంకొకటి. రెండు చోట్ల కొండలూ నీళ్లూ చెట్లూ కలిపి ఒకే కాన్వాస్ మీద వేస్తున్నారు, "నేను ఎక్కడి మనిషిని" అన్నది అందులో పలకాలని మీ కోరిక, తీరా పూర్తయ్యాక చూస్తే టూరిజం వాళ్ల పోస్టర్‌లా ఉంటోంది, ఎందుకు? రెండోది, మీది కాని సంస్కృతి చిత్రశైలిని వాడుకోవచ్చా, వాడితే దొంగతనం అవుతుందా? ముందు పోస్టర్ సంగతి చూద్దాం, రెండోదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. చాలాకాలంగా బొమ్మలు వేస్తూ, వేసేవాళ్లకి నేర్పిస్తూ ఉన్నాను. ఈ రకం పని తెచ్చి చూపించేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, దాదాపు అందరి బాధా ఇదే.

మీ డ్రాయింగ్‌లో లోపం ఉందని నేననుకోను. మీరు కలుపుతున్నవి గుర్తులు, చిక్కంతా అక్కడే ఉంది. అక్కడినుంచి అందరూ గుర్తుపట్టే కొండ ఒకటి తెస్తారు, ఇక్కడినుంచి అందరూ గుర్తుపట్టే చెట్టు ఒకటి తెస్తారు, మధ్యలో ఒక నది పారిస్తారు. చూసేవాడు రెండింటినీ గుర్తుపడతాడు, "ఓహో, రెండు దేశాలన్నమాట" అనుకుంటాడు, పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోతాడు. ఒక చోటు మనదనో, కాదనో మనకి తెలిసేది కొండ ఆకారాన్ని బట్టి కాదు కదా. అక్కడ ఆకాశం ఎంత ఉంటుంది, ఎండ ఏ పక్కనుంచి పడుతుంది, దూరంగా ఉన్నది స్పష్టంగా కనిపిస్తుందా మసకగానా, నేల మన కాళ్లదాకా ఎలా వస్తుంది, ఇలాంటివి శరీరానికి అలవాటై ఉంటాయి. రెండు చోట్లని కలపాలంటే ఈ స్థాయిలో కలపాలి. చెట్టూ కొండా ఆ తర్వాత.

నీడల సంగతే చూడండి. భూమధ్యరేఖకి దగ్గర్లో మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, మనిషి నీడ కాళ్ల కిందే ముడుచుకుని ఉంటుంది. బాగా ఉత్తరాన చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజాన్ని పట్టుకునే వేలాడతాడు, నీడలు పొలానికి అడ్డంగా సాగిపోతాయి. ఈ రెండు చోట్ల ఫొటోలు చూసి ఒకే బొమ్మలోకి ఎక్కించినప్పుడు నీడలు కలవవు, చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని కన్ను పసిగడుతుంది. మామూలుగా ఏం చేస్తారంటే, టెన్షన్ పడిపోయి అన్నిటికీ ఒకే వెలుతురు పెట్టి సరిచేసేస్తారు. సరిచేసేముందు కాస్త ఆగండి. బొమ్మలో చెట్లన్నిటి నీడలూ ఎడమకి పొడుగ్గా పడ్డాయి, ఆ చెట్ల మధ్య నిలబడ్డ ఒక్క మనిషి నీడ మాత్రం కాళ్ల కిందే ఉంది అనుకోండి. ఆమె వేరే సూర్యుడి కింద నిలబడి ఉంది. ఒక్క గుర్తు కూడా వాడకుండా మీరు చెప్పాలనుకున్నది చెప్పేశారు, పైగా చూసేవాడికి అది రెండో చూపులోగానీ దొరకదు.

గాలి సంగతీ అంతే. దూరం వెళ్లేకొద్దీ నీలం, లేత, మసక అని స్కూల్లో నేర్పే సూత్రం తేమ ఉన్న గాలికి సరిపోతుంది. ఎత్తైన పొడి ఎడారుల్లో ఎంతో దూరాన ఉన్న కొండ కూడా చెక్కినట్టు కనిపిస్తుంది, దాని దూరం అంచనా వేయడమే కష్టం. మీరు పెరిగిన చోట గాలి ఏ రకం, ఇప్పుడున్న చోట ఏ రకం అని ఎప్పుడైనా పనిగట్టుకుని గమనించారా? లేకపోతే మొదలుపెట్టాల్సింది అక్కడ.

ఇంకా లోతుకి వెళ్తే, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది అసలు ప్రశ్న. యూరప్ చిత్రకళలో స్థిరపడ్డ, గీతలన్నీ దూరాన ఒకే బిందువు దగ్గర కలిసే ఏకబిందు పర్‌స్పెక్టివ్ మనల్ని ఒకచోట నిలబెట్టి, కిటికీలోంచి చూసినట్టు చూపిస్తుంది. చైనా పర్వత చిత్రాల పద్ధతి వేరు. 11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ మూడు రకాల దూరాల గురించి చెప్పాడు: కొండ కిందనుంచి పైకి చూసే దూరం, ముందువైపునుంచి కొండల వెనక్కి తొంగిచూసే దూరం, దగ్గరి కొండనుంచి దూరపు కొండలదాకా చదునుగా సాగే దూరం. 1072లో ఆయన వేసిన 'తొలి వసంతం' తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది, అందులో ఈ మూడూ ఒకే కొండలో కలిసిపోయి ఉంటాయి, మీ కన్ను ఒకచోట ఆగడానికి వీల్లేదు, దారి పట్టుకుని నడవాల్సిందే. ఒక పద్ధతిలో చూసేవాడు బయట ఉంటాడు, ఇంకో పద్ధతిలో లోపల తిరుగుతుంటాడు. ఇక్కడ నేను ఇమిడానా లేదా అన్న ప్రశ్న మీద బొమ్మ వేసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే తేడా ఏముంది చెప్పండి.

ఈ రెండిటినీ నిజంగా కలిపినవాడు ఒకడున్నాడు, జుసెప్పె కాస్టిల్యోనె. 1688లో మిలాన్‌లో పుట్టిన జెసూట్ (క్రైస్తవ మతప్రచారక సంఘం మనిషి), చిత్రకారుడు, 1715లో చైనా వెళ్లి అక్కడే ముగ్గురు చక్రవర్తుల దగ్గర పనిచేసి 1766లో అక్కడే చనిపోయాడు, లాంగ్ షీనింగ్ అని చైనా పేరు కూడా ఉంది. 1728లో ఆయన పట్టు మీద వేసిన 'నూరు గుర్రాలు' ఏడున్నర మీటర్లకు మించిన పొడుగుతో చుట్టి ఉంచే బొమ్మ, ఇదీ ఆ తైపే మ్యూజియంలోనే ఉంది. ఒక్కో గుర్రాన్ని దగ్గరగా చూస్తే పొట్ట కింద వెలుగునీడలతో గుండ్రంగా, బరువుగా, యూరప్ చేతిపని తెలిసిపోతుంది. కానీ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చూడలేరు, చుట్ట విప్పుకుంటూ చైనా పద్ధతిలో ముందుకి సాగాల్సిందే. రెండు దేశాల వస్తువుల్ని పక్కపక్కన పెట్టే పని ఆయన చేయలేదు, ఒక సంప్రదాయం నుంచి వస్తువు బరువునీ, ఇంకోదాన్నుంచి చూసే కాలాన్నీ తీసుకున్నాడు. ఆస్థానంలో నీడల మీద అభ్యంతరం ఉండేది, ముఖాల మీద ముదురు నీడలు మచ్చల్లా కనిపిస్తాయని, అందుకని వాటిని బాగా తగ్గించేశాడు. ఆ తగ్గించిన నీడల్లోనే నాకు ఆయన బతుకంతా కనిపిస్తుంది. ఏది వదులుకున్నాడు, ఏది ఉంచుకున్నాడు అనేది అక్కడ చదువుకోవచ్చు.

సరే, పరాయి నేలని సొంత కంటితో చూడటం గురించి. ఇందులో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ డానియెల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో భారతదేశానికి వచ్చారు, కొన్నేళ్లు తిరిగారు, 1794కల్లా ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయారు, 1795 నుంచి 1808 వరకు 144 ఆక్వాటింట్లు (రాగి రేకుల మీంచి తీసే, నీటిరంగుల్లా కనిపించే బొమ్మలు) అచ్చువేశారు. కట్టడాల కొలతలు జాగ్రత్తగానే పట్టారు, కానీ ఆ బొమ్మల్లో ఒక పక్కన చెట్టు ఫ్రేమ్‌లా వంగి ఉంటుంది, మధ్యలో శిథిలం, ముందు చిన్న చిన్న మనుషులు, ఇంగ్లండ్‌లో అప్పట్లో ఫ్యాషన్‌గా ఉన్న పిక్చరెస్క్ పద్ధతి అది. నేల ఇక్కడిది, అమరిక అక్కడిది.

ఇప్పుడు చియాంగ్ యీ. 1933లో చైనా నుంచి బ్రిటన్ వచ్చాడు, అక్కడి లేక్ డిస్ట్రిక్ట్ కొండల్ని, చెరువుల్ని చైనా కుంచెతో, సిరాతో వేశాడు. డెర్వెంట్‌వాటర్ అనే సరస్సు ఒడ్డున ఆవుల బొమ్మ 1936 నాటిది. ఇ. హెచ్. గోంబ్రిచ్ అనే కళాచరిత్రకారుడు 1960లో దాని పక్కన అదే సరస్సు మీద 1826లో వచ్చిన ఇంగ్లిష్ లిథోగ్రాఫ్‌ని, అంటే రాతి మీంచి తీసిన అచ్చు బొమ్మని, పెట్టి చూపించాడు. ఒకే చోటు, పోలిక మాత్రం వెతుక్కోవాలి. చియాంగ్ యీ బొమ్మలో సరస్సు ఖాళీ కాగితం, కొండలు మబ్బుల్లోంచి కొంచెం కొంచెం బయటపడతాయి. సాంకేతికంగా చూస్తే డానియెల్‌లు చేసిందీ ఈయన చేసిందీ ఒకటే, తెచ్చుకున్న కన్నుతో వచ్చినచోటుని వేయడం. తేడా ఎవరికి చూపిస్తున్నారన్నదాంట్లో ఉంది. వాళ్లు ఇక్కడి నేలని సొంతవాళ్లకి వింతగా చూపించారు. ఈయన ఇంగ్లండ్‌లోనే ఉండి, ఇంగ్లండ్ వాళ్లకే, వాళ్ల సరస్సుని ఇలా కూడా చూడొచ్చని చూపించాడు. మీ బొమ్మ ఎవరికోసం అన్నది తేల్చుకోకపోతే అది దానంతటదే పోస్టర్ అయిపోతుంది, ఎందుకంటే పోస్టర్ ఎప్పుడూ అక్కడ లేనివాడికోసం వేసేదే.

ఇక మిశ్రమం కంటికి కనిపించి తీరాలన్న భ్రమ ఉంటే ఆల్బర్ట్ నమట్జీరా గురించి చదవండి. మధ్య ఆస్ట్రేలియాలో హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో 1902లో పుట్టిన అరెర్న్టే అనే ఆదివాసీ జాతి మనిషి. 1936లో రెక్స్ బాటర్బీ అనే చిత్రకారుడి దగ్గర నీటిరంగుల పద్ధతి పట్టుకున్నాడు, 1938లో మెల్‌బోర్న్‌లో పెట్టిన మొదటి సోలో ప్రదర్శనలో బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. ఊదారంగు కొండలు, ఎర్ర నేల, తెల్లటి మానుతో యూకలిప్టస్, చూడ్డానికి అచ్చం యూరప్ ల్యాండ్‌స్కేప్. దాంతో విమర్శకులు చాలామంది అనుకరణ అని కొట్టిపారేశారు, ఆదివాసీ కళ అంటే ఆదివాసీ కళలా కనిపించాలని వాళ్ల లెక్క. ఆ కొండలు ఆయనకి వ్యూ పాయింట్లు కావు, తన వాళ్ల కథలు, బాధ్యతలు ముడిపడి ఉన్న సొంత నేల. ఆ చెట్టు మానుని ఒకసారి దగ్గరగా చూడండి, బొమ్మలో సగం ఎత్తు అదే ఉంటుంది, బెరడు మీద ప్రతి మడతా, ప్రతి మచ్చా ఒక మనిషి ముఖం వేసినంత శ్రద్ధగా ఉంటుంది, వెనక కొండలేమో పల్చగా. చెట్టుని దృశ్యంలో భాగంగా వేసేవాడు అలా వేయడు, తెలిసినవాళ్లని వేసినట్టు వేశాడు. 1957లో ఆయనకి పౌరసత్వపు హక్కులు ఇచ్చారు, అప్పటికి బ్రిటిష్ రాణికి పరిచయమైనంత పేరున్న మనిషి, సొంత దేశంలో అప్పటిదాకా పూర్తి పౌరుడు కాడు. 1959లో పోయాడు. ఆయన బొమ్మల కాపీరైట్ 1983లో కుటుంబానికి తెలియకుండానే చేతులు మారింది, మళ్లీ వాళ్ల ట్రస్ట్ చేతికి వచ్చింది 2017లో. ఇంత గొడవ ఉన్న బొమ్మల్లో చూడ్డానికి ఒక్క అతుకు కూడా కనపడదు.

అతుకు కనిపించేలా వేయడం ఇంకో దారి. కెనడాలో క్రీ జాతికి చెందిన కెంట్ మంక్‌మన్ 2006లో వేసిన 'ట్రాపర్స్ ఆఫ్ మెన్' చూడండి. అందులో కొండలూ సరస్సూ ఆల్బర్ట్ బియర్‌స్టాట్ 1868లో వేసిన సియెరా నెవాడా బొమ్మవి. బియర్‌స్టాట్ ఆ అమెరికా కొండల్ని వేసింది రోమ్‌లో స్టూడియోలో కూర్చుని, చూపించింది యూరప్ జనానికి, ఒక్క మనిషి లేని స్వర్గంలా. మంక్‌మన్ ఆ ఖాళీ దృశ్యాన్ని అలాగే ఉంచి, నిండా మనుషుల్ని దింపాడు. నేల ఖాళీగా ఉందని ఎవరు చెప్పారయ్యా అని ఎగతాళి. ఇలాంటి పనికి అతుకు దాచకూడదు, దాస్తే ఎగతాళి పోతుంది.

క్యూబా చిత్రకారుడు విఫ్రెడో లాం 1943లో పూర్తిచేసిన 'ది జంగిల్' గురించి కూడా ఒక మాట. స్పెయిన్, పారిస్‌లలో చాలా ఏళ్లు ఉండి యుద్ధం వల్ల క్యూబాకి తిరిగొచ్చాక వేసింది, న్యూయార్క్‌లో మోమా (ఆధునిక కళల మ్యూజియం)లో ఉంది. పేరు అడవి, కానీ అందులో గుంపుగా నిలబడ్డవి చెరకు గడలు. చెరకు అడవిలో మొలవదు, తోటల్లో బానిసల చేత పండించింది. మనుషులెవరో గడలెవరో విడదీయలేనట్టు అల్లేశాడు. ఏ మొక్క ఎవరివల్ల ఆ నేలకి వచ్చిందో తెలుసుకుని వేస్తే మొక్కకే చరిత్ర ఉంటుంది. మీ బొమ్మల్లో చెట్ల విషయంలో ఈ పని చేసి చూడండి, మీరు "ఇక్కడిది" అనుకుంటున్న చెట్టు కూడా ఎప్పుడో ఓడెక్కి వచ్చినదే అయ్యుండొచ్చు. యూకలిప్టస్ ఎన్ని దేశాల్లో "మా చెట్టు" అయిపోయిందో.

జ్ఞాపకంతో వేయడం మీద అందరూ అతిగా మాట్లాడతారు కాబట్టి తొందరగా దాటేస్తాను. చిత్రకారుడు పీటర్ డోయిగ్ స్కాట్లండ్‌లో పుట్టి, ట్రినిడాడ్, కెనడాల్లో పెరిగి, కెనడా మంచుని లండన్‌లో కూర్చుని వేశాడు. 2001 నాటి ఒక బొమ్మలో కెనడా పడవలాంటి పొడుగు పడవ, వెనకాల దూరంగా ట్రినిడాడ్‌లోని కెరెరా అనే జైలు ద్వీపం. రెండూ ఒకే నీళ్ల మీద ఉన్నాయి, ఎవరూ వివరించరు. అక్కడ పని చేసేది నీళ్లు, రెండు చోట్లకీ ఉమ్మడిగా ఉన్న ఒకే వస్తువు. మీకు కూడా అలాంటిది ఒకటి దొరికితే మిగతావన్నీ తగ్గించేయొచ్చు.

తగ్గించడం అంటే చిత్రకారిణి జరీనా. అలీగఢ్‌లో 1937లో పుట్టి ఎన్నో దేశాల్లో బతికిన ఆమె 2001లో చేసిన 'డివైడింగ్ లైన్' అనే వుడ్‌కట్‌లో (చెక్క మీద చెక్కి తీసే అచ్చు) భారత పాకిస్తాన్ సరిహద్దు ఒక వంకర గీత, అంతే. కొండల్లేవు, నదుల్లేవు. మీరు నాలుగు పర్వతాలు వేసి చెప్పలేకపోయింది ఒక గీత చెప్పేస్తుంది, అయితే ఆ గీత ఆమెది. మీరు అదే ఎత్తుకుంటే పనిచేయదు.

బొమ్మే వేయకుండా నేలనే తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఇసాము నొగుచి, తండ్రి జపాన్, తల్లి అమెరికా. 1956 నుంచి 1958 వరకు పారిస్‌లో యునెస్కో కార్యాలయం కోసం తోట చేసినప్పుడు రాళ్లని జపాన్ నుంచి ఓడలో తెప్పించాడు. అలాగని జపాన్ తోట నియమాలన్నీ పాటించలేదు, శిల్పిగా తనకి తోచినట్టు మార్చాడు. పూర్తిగా జపాన్ తోట అనలేం, ఆధునిక శిల్పం అని ఊరుకోనూలేం. మీరు కాన్వాస్ మీద వేసేవారైనా ఈ దారి కొంత తెరిచే ఉంది. రంగులో కలిపే మట్టి ఎక్కడిది, కాగితం ఎక్కడిది అన్నది మీరు ఎంచుకోవచ్చు. జిగురు పట్టించని చైనా కాగితం మీద సిరా పెట్టగానే లోపలికి పీల్చుకుంటుంది, దిద్దుకోవడానికి ఉండదు. గట్టి వాటర్ కలర్ కాగితం మీద తడి రంగుని తుడిచి, ఎత్తి, మళ్లీ వేసుకోవచ్చు. ఇప్పుడున్న చోటుని దిద్దుకోవడానికి వీల్లేని కాగితం మీద, వదిలొచ్చిన చోటుని ఎన్నిసార్లైనా దిద్దుకోగల కాగితం మీద వేస్తే ఎలా ఉంటుందో నాకైతే చూడాలని ఉంది. జ్ఞాపకాన్ని దిద్దుకున్నట్టు ఎదురుగా ఉన్నదాన్ని దిద్దుకోలేం కదా.

ఇక రెండో ప్రశ్న. శైలి తీసుకోవడం దొంగతనమా? చిత్రకళ చరిత్ర మొత్తం తీసుకోవడమే. 1580లో అక్బర్ ఆస్థానానికి జెసూట్‌లు చెక్కుడు బొమ్మలున్న బైబిల్ తెస్తే, అక్కడి చిత్రకారులు దూరపు ఊళ్లని, మసక కొండల్ని పట్టుకుని తమ బొమ్మల వెనక భాగంలో హాయిగా వాడుకున్నారు, ఎవరికీ నష్టం లేదు. అవతలి కొసన విల్లో ప్యాటర్న్ ఉంది, నీలం తెలుపు పింగాణీ పళ్లెం మీద వంతెన, విల్లో చెట్టు, రెండు పిట్టలు. అది 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో తయారైన "చైనా", దాన్ని అమ్ముకోవడానికి ఒక "ప్రాచీన" ప్రేమకథ కూడా తర్వాత అల్లారు. నాకు దానిమీద కోపమేమీ లేదు, అందమైన పళ్లెమే, కానీ అందులో ఏ చోటూ లేదు. మీ బొమ్మ అటువైపు జారుతోందా అన్నది మీరు చూసుకోవాలి.

నిజంగా ముట్టుకోకూడనివి వేరే ఉన్నాయి. కొన్ని సమాజాల్లో కొన్ని డిజైన్లు శైలి కాదు, ఆస్తి, అంతకంటే ఎక్కువ. ఫలానా కుటుంబానికో వంశానికో మాత్రమే వేసే హక్కు ఉంటుంది, ఆ హక్కుతో పాటు కాపాడే బాధ్యత కూడా. ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారుల బొమ్మల్ని అడగకుండా వియత్నాంలో కార్పెట్ల మీద నేయించి పెర్త్‌కి దిగుమతి చేసిన ఒక కంపెనీ మీద కేసు నడిచి, 1994లో ఫెడరల్ కోర్టు చిత్రకారుల పక్షాన తీర్పు ఇచ్చింది. పరిహారం లెక్కగట్టేటప్పుడు వాళ్లకి సొంత సమాజంలో జరిగిన సాంస్కృతిక నష్టాన్ని కూడా కోర్టు పరిగణించింది, కాపీరైట్ ఒక్కటే కాదు. కాబట్టి నా లెక్క ఇది: చూసే పద్ధతి, కాగితం, కుంచె పట్టే తీరు, దూరాన్ని చూపించే ఉపాయం, ఇవి నేర్చుకుని వాడుకోండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి. పవిత్రమైన ఆకారాలు, ఎవరో ఒకరికి చెందిన కథల మ్యాపులు, వీటి జోలికి అడగకుండా పోవద్దు. అడిగితే కాదంటారేమోనన్న భయంతో అడగడం మానేస్తున్నారంటే మీకు జవాబు ముందే తెలుసన్నమాట.

మీరు పంపిన మూడు బొమ్మల్లో నాకు రెండోది నచ్చింది, కింద సగం అంతా తడి నేల ఉన్నది. పైన కొండని తీసేయండి. అవును, మొత్తం. ఎంత కష్టపడ్డారో తెలుస్తోంది, అయినా తీసేయండి, ఎందుకంటే అది ఉన్నంతసేపూ కన్ను దానిమీదికే పోతుంది, కింద మీరు చేసిన అసలు పని ఎవరూ చూడరు. ఆ తడి నేలలో ఒక పక్క నీళ్లు ఆకాశాన్ని చూపిస్తున్నాయి, ఇంకో పక్క నీళ్ల అడుగు కనిపిస్తోంది. మీరు కావాలని చేశారో లేదో తెలియదు గానీ అవి రెండు వేర్వేరు కోణాల వెలుతురు, రెండు వేర్వేరు ఎత్తులనుంచి చూసిన నీళ్లు. క్షితిజరేఖని ఇంకా పైకి తోయండి, వీలైతే ఫ్రేమ్ బయటికే. చిన్న కాగితాల మీద అగ్గిపెట్టె సైజులో కొన్ని స్కెచ్‌లు వేసి, ఆ రెండు రకాల నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో ఆ గీత ఒక్కటీ మారుస్తూ చూడండి, ఒకదాంట్లో మెత్తగా కలిసిపోనివ్వండి, ఇంకోదాంట్లో కత్తితో కోసినట్టు ఉంచండి. తర్వాత మీరు పెరిగిన చోటు బాగా తెలిసినవాళ్లకి ఒకరికి, ఇప్పుడున్న చోటు తెలిసినవాళ్లకి ఒకరికి చూపించి "ఇది ఎక్కడ?" అని మాత్రం అడగండి, ఇంకేమీ చెప్పొద్దు. ఇద్దరూ "మా వైపే, కానీ ఎక్కడో సరిగ్గా తెలియట్లేదు" అన్న స్కెచ్‌ని పెద్దది చేయండి.

పెద్దది చేసేటప్పుడు ఆయిల్ వద్దు, ఆ నీళ్లకి ఆయిల్ బరువైపోతుంది.